నీటి మీద సభ

1913లో ఒక రోజు ఎర్నాకుళం పట్టణానికి ఎదురుగా ఉన్న కాయల్‌లో చేపల పడవలు కొన్ని ఒకదాని పక్కకు ఒకటి చేరాయి. సముద్రంతో కలిసిపోయిన ఉప్పునీటి సరస్సును మలయాళంలో కాయల్ అంటారు. పడవలను తాళ్లతో బిగించి కట్టి, వాటి మీద బల్లలు పరిచారు. చుట్టుపక్కల ద్వీపాల నుంచి చిన్న చిన్న దోనెలలో వచ్చిన పులయ కులస్థులు వాటి చుట్టూ గుమిగూడారు. పులయలు ఒకచోట చేరి తమ కష్టాలు మాట్లాడుకోవడానికి కొచ్చి సంస్థానంలో నేల దొరకలేదు. పట్టణంలోకి వారు అడుగు పెట్టడమే నిషిద్ధం. ఉన్న భూమి రాజుగారిది, కాకుంటే దేవస్థానానిది, అదీ కాకుంటే జన్మి అనిపించుకునే భూస్వామిది. వారి పాదం సోకితే దారి మైలపడుతుంది, వారి చేయి తగిలితే బావి మైలపడుతుంది. అయితే పోటుకు వచ్చి పాటుకు వెళ్లిపోయే ఉప్పునీటికి మైల అంటగట్టే ఉపాయం ఏ ధర్మశాస్త్ర పండితుడికీ తోచలేదు. ఆ సందులోనే సభ జరిగింది.

కేరళ చరిత్రలో కాయల్ సమ్మేళనంగా పేరుపడిన ఈ ఘటనతో విడదీయరాకుండా ముడిపడిన పేరు పండిట్ కె.పి. కరుప్పన్. అయ్యంకాళి గురించి, నారాయణ గురువు గురించి తెలుగులో కొంత రాశారు, కొంత చదివారు. కరుప్పన్ మాత్రం మనకు దాదాపు అపరిచితుడు. ఆయన ధీవర కులంలో పుట్టిన సంస్కృత పండితుడు, కవి, బడిపంతులు. వెనుకబడిన కులానికి చెందిన ఒక మేధావి తన కంటే కింద ఉంచబడిన కులం పక్కన నిలబడటం ఎలా ఉంటుందో, ఎక్కడి దాకా పోతుందో తెలుసుకోవాలంటే ఆయన జీవితాన్ని కాస్త వివరంగా చూడాలి.

అంతకు ముందు ఆ నేల గురించి రెండు మాటలు. కేరళ పుట్టుక గురించి పైకులాలు చెప్పే కథ అందరికీ తెలిసిందే. పరశురాముడు గొడ్డలి విసిరాడు, సముద్రుడు వెనక్కి తగ్గాడు, తేలిన నేలను ఆ ముని బ్రాహ్మణులకు దానం చేశాడు. కథగా చూస్తే ముచ్చటైనదే. కానీ శతాబ్దాల పాటు ఈ కథ దస్తావేజులా పనిచేసింది. నంబూదిరి జన్మిల భూమి హక్కుకు మూలం ఏమిటని అడిగితే చూపించడానికి ఒక గొడ్డలి ఉండేది. కొచ్చి ద్వీపాల అసలు పుట్టుక వేరు. 1341లో పెరియార్ నదికి వచ్చిన మహావరద కొడుంగల్లూరు వద్దనున్న ప్రాచీన రేవు ముజిరిస్‌ను ఒండ్రుతో పూడ్చివేసి, దక్షిణాన కొచ్చి దగ్గర సముద్రముఖాన్ని తెరిచిందని చరిత్రకారుల అభిప్రాయం. వైపిన్ దీవి ఆ వరద ఒండ్రు మీద పెరిగిందేనని చెబుతారు. ఆ దీవి దక్షిణ కొసకున్న పుతువైప్ అనే పేరుకు కొత్తగా మేట వేసిన నేల అని అర్థం. రోమన్ నావలు మిరియాల కోసం వచ్చిన రేవు పోయి, 1503లో పోర్చుగీసులు కోట కట్టిన రేవు వచ్చింది. 1663లో డచ్చివారు, ఆ శతాబ్దం తరువాతి శతాబ్దం చివర ఇంగ్లీషువారు దాన్ని కైవసం చేసుకున్నారు.

రేవు చేతులు మారిన చరిత్రను సముద్రయాన గ్రంథాలన్నీ వర్ణిస్తాయి. ఒండ్రును పొలం చేసినవారి చరిత్ర వాటిలో కనిపించదు. నడుములోతు బురదలో నిలబడి, మట్టి ముద్దలు ఎత్తి గట్లు పోసి, ఉప్పునీటిని ఆపి, వానాకాలంలో పొక్కాళి వరి పండించింది పులయలు. వరి కోత అయ్యాక అదే పొలంలోకి ఉప్పునీరు వదిలితే రొయ్యలు పెరుగుతాయి. ఈ రెండు పంటల విద్య నేటికీ వ్యవసాయ శాస్త్రవేత్తలను అబ్బురపరుస్తున్నది. ఆ విద్య తెలిసినవారు 1854లో కొచ్చి సంస్థానం బానిసత్వాన్ని రద్దు చేసేదాకా పొలంతో పాటు అమ్ముడుపోయే మనుషులు. తెగిన గట్టు నిలవాలంటే పులయను గండిలో పూడ్చాలనే నమ్మకం గురించి కాయల్ ప్రాంతాలలో కథలు వినిపిస్తాయి. పరశురాముడి కథ ఒకరి హక్కును చెబితే, ఈ కథలు మరొకరి మరణాన్ని చెబుతాయి. రెండూ జానపదమే, ఒకటి మాత్రమే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది.

కరుప్పన్ 1885 మే 24న ఎర్నాకుళం దగ్గర పెరియార్ పాయ పక్కనున్న చేరానల్లూరులో పుట్టారు. ధీవరులు పులయల వలె బానిసలు కారు. వారికి పడవ ఉంది, వల ఉంది, అమ్ముకోవడానికి చేప ఉంది. అయినా గుడిలోకి రానివ్వరు, బడిలో పక్కన కూర్చోనివ్వరు. ఆ కుటుంబంతో స్నేహంగా ఉండే గోసాయి ఒకరు పిల్లవాడికి తమిళంలో చదువుకున్నవాడని అర్థమిచ్చే కర్పన్ అనే పేరు సూచించాడనీ, అది జనం నోట నల్లనివాడనే అర్థం వచ్చే కరుప్పన్ అయిందనీ ఒక కథ ఉంది. నిజానిజాలెలా ఉన్నా, చదువు గురించిన కోరిక ఒక బెస్త ఇంట ఎంత బలంగా ఉండేదో ఆ కథ చెబుతుంది.

అమరకోశం, సిద్ధరూపం మొదట తన కులానికే చెందిన ఒక వైద్యుని వద్ద నేర్చుకున్నారు. పద్నాలుగో ఏటికే పద్యాలు కట్టడం మొదలుపెట్టారు. తరువాత కొడుంగల్లూరు కోవిలకంలో చేరి కావ్యాలు చదివారు. కోవిలకం అంటే రాజకుటుంబ నివాసం. ఆ కాలంలో అది కవిపండితుల ఆస్థానం కూడా. కొచ్చిని పాలిస్తున్న రామవర్మ మహారాజు కొడుంగల్లూరు వచ్చినప్పుడు ఈ యువకుడు పద్యాలు సమర్పించాడు. రాజు మెచ్చి, సంస్కృతం పైచదువుకు ఏర్పాటు చేశాడు. ఒక ధీవర యువకుడికి సంస్కృతం దక్కడానికి రాజు దయ కావలసి వచ్చింది. ఈ దయకు కరుప్పన్ జీవితాంతం కృతజ్ఞతా భారం మోశారు. రాజస్తుతి పద్యాలు, షష్టిపూర్తి నాటకం, బిరుదులు అన్నీ ఆ లెక్కలోవే. ఈ భాగాన్ని దాచిపెట్టి ఆయనను విప్లవకారుడిగా మాత్రమే చూపడం నాకు సమ్మతం కాదు.

కానీ అదే సంస్కృతంతో ఆయన చేసిన పని చూడండి. ఆదిశంకరుల పేరిట ఉన్న మనీషా పంచకం వెనుక ఒక కథ ఉంది. కాశీలో శంకరుడికి చండాలుడు ఎదురవుతాడు. శంకరుడు తప్పుకోమంటాడు. తప్పుకోవలసింది దేహమా, ఆత్మా అని ఆ చండాలుడు అడుగుతాడు. అద్వైతి దగ్గర జవాబు ఉండదు. మఠాలలో ఈ కథ శంకరుని వినయానికి దృష్టాంతం. కరుప్పన్ దీన్ని తీసుకుని, శంకరుడికి పరయ దంపతులను ఎదురు నిలిపి, ప్రశ్నను ముందుకు, వినయాన్ని వెనక్కి జరిపారు. దానిని కుమ్మి బాణీలో పెట్టారు. కుమ్మి అంటే ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ చప్పట్లు చరుస్తూ పాడేది, మన గొబ్బిపాటకు దగ్గరి చుట్టం. 1912లో అచ్చయిన ఈ జాతిక్కుమ్మిని అక్షరం రానివారు చెవిన విని నోట పట్టారు. కూలి పనుల్లో, గుడిసెల ముందు అది పాటగా తిరిగింది. కుమారన్ ఆశాన్ కుల సమస్యపై రాసిన దురవస్థ, చండాలభిక్షుకి వెలువడింది 1922లో. అంటే మలయాళ సాహిత్యంలో కులాన్ని నేరుగా ప్రశ్నించిన తొలి కావ్యాలలో ఒకటి ఒక బెస్త పంతులు రాసిన చప్పట్ల పాట. సాహిత్య చరిత్రలు దీనిని అధ్యాయంగా గుర్తించడానికి చాలా కాలం పట్టిందంటే ఆశ్చర్యం ఏముంది? మన దగ్గర కుసుమ ధర్మన్న విషయంలో జరిగింది కూడా ఇంచుమించు ఇదే.

ఆయన వృత్తి జీవితం ఎర్నాకుళంలోని సెయింట్ ఆల్బర్ట్స్ పాఠశాలలో సంస్కృత ఉపాధ్యాయుడిగా మొదలైంది. అనంతరం ఆయనను పట్టణంలోని బాలికల ఉన్నత పాఠశాలకు నియమించారు. దాని పేరులోనే కులం ఉండేది: కాస్ట్ గర్ల్స్ హైస్కూల్. పైకులాల అమ్మాయిలకు చేపలు పట్టేవాడి కొడుకు దేవభాష చెప్పడమేమిటని గొడవ లేచింది. దర్బారు వెనక్కి తగ్గకపోవడంతో గొడవ చల్లారింది. పాఠం చెప్పే గొంతుకు కులం ఉంటుందన్న ఊహ ఆనాటితో పోయిందని నేను అనుకోను. విశ్వవిద్యాలయాలలో రిజర్వుడు ఉద్యోగంలో చేరిన అధ్యాపకులను అడిగితే చెబుతారు.

తన కులం మధ్య ఆయన పని సభలు పెట్టడం. కొడుంగల్లూరు దగ్గర ఆనాప్పుళలో కల్యాణదాయిని సభ, ఇడకొచ్చిలో జ్ఞానోదయం సభ, తేవరలో సుధర్మ సూర్యోదయ సభ, కుంబళం దీవిలో సన్మార్గ ప్రదీప సభ. పేర్లు సంస్కృతంలో ఘనంగా ఉన్నా పని సాదాసీదాది: పిల్లలను బడికి పంపడం, కల్లు మానడం, పెళ్లిళ్ల ఖర్చు, మూఢాచారాలు తగ్గించడం. తీరప్రాంతపు కులాలు తమ ఘనతకు వెతుక్కునే పూర్వీకులు ఎక్కడైనా ఒక్కరే. వ్యాసుని కన్న సత్యవతి, రాముని గంగ దాటించిన గుహుడు. మన తీరంలో గంగపుత్రులు, అగ్నికుల క్షత్రియులు అన్న పేర్లలోనూ ఆ వెతుకులాటే ఉంది. కరుప్పన్ కూడా తన కులం గత ప్రతిష్ఠను చెబుతూ అరయప్రశస్తి రాశారు. అక్కడే ఆగిపోయి ఉంటే ఆయన ఒక కులసంఘ నాయకుడిగా మిగిలేవారు.

కాయల్ సభ ఆయనను అక్కడ ఆగనివ్వలేదు. తిరువాన్కూరులో అయ్యంకాళి 1893లో ఎడ్లబండి ఎక్కి నిషిద్ధమైన రాజమార్గం మీద సాగారు. కొచ్చి ద్వీపాలలో బండి సాగే దారి లేదు. ఉన్న వాహనం పడవ. పడవలు ఉన్నది ధీవరుల దగ్గర. సభ అవసరం ఉన్నది పులయలకు. ఆ రోజు ఒక కులం పనిముట్టు మరొక కులం వేదిక అయింది. బహుజన ఐక్యత గురించి మనం వందల పుటలు రాశాం. ఈ పడవల కంటే తేటైన నిర్వచనం నాకు దొరకలేదు.

అయితే ఈ కథ చెప్పేటప్పుడు ఒక పొరపాటు జరుగుతూ వచ్చింది. పండితుడు పిలిచాడు, పులయలు వచ్చారు అన్న ధోరణిలో దీనిని చెప్పడం అలవాటైంది. ముళవుకాడ్, బోల్గాట్టి దీవుల వైపు పులయలను కూడగట్టినవారిలో కృష్ణాది ఆశాన్ ముఖ్యుడు. అదే ఏడాది ఏర్పడిన కొచ్చి పులయ మహాసభకు నాయకత్వం వహించినది ఆయనే. సభ ఘనత ఎవరిదన్న విషయమై కేరళలో పరిశోధకుల మధ్య వాదం నడిచింది, నడవాలి కూడా. సంస్కృతం వచ్చినవాడి పేరు శిలాఫలకం మీదికి తేలికగా ఎక్కుతుంది. దోనె తోసుకుని వచ్చినవాడి పేరు నీటిలోనే ఉండిపోతుంది. కరుప్పన్‌పై గౌరవం తగ్గకుండానే ఈ మాట చెప్పవచ్చు.

ఎర్నాకుళంలో వ్యవసాయ ప్రదర్శన జరిగిన సందర్భం గురించి మరొక కథ ప్రచారంలో ఉంది. ప్రదర్శనలో వడ్లు, కొబ్బరి, కూరగాయలు బారులు తీర్చారు. కరుప్పన్ వేదికపై మాట్లాడుతూ, వీటిని పండించినవారెవరూ ఇక్కడ లేరనీ, వారికి ఈ పట్టణంలోకి ప్రవేశం లేదనీ దివాను దృష్టికి తెచ్చారట. పులయలు అప్పటికే కాయల్‌లో పడవల మీద కాచుకుని ఉన్నారట. అనుమతి వెలువడింది. వారు ఒడ్డుకు దిగి, తాము పండించిన పంటను తాము చూశారు. పట్టణ ద్వారం పులయలకు తెరుచుకున్నది ఆ విధంగానే అని ద్వీపాల జనం చెప్పుకుంటారు.

మహారాజు షష్టిపూర్తి సందర్భంగా రాసిన బాలాకలేశం నాటకంలో అంటరానితనాన్ని ఆయన రంగస్థలం మీదికి తెచ్చారు. ఈ నాటకంపై వచ్చిన విమర్శ నాటకం కంటే ఎక్కువ నేర్పుతుంది. తిరువాన్కూరు దివానును ఎదిరించి 1910లో దేశబహిష్కారానికి గురైన సంపాదకుడు, మలయాళంలో కార్ల్ మార్క్స్ జీవితాన్ని 1912లోనే పరిచయం చేసిన రచయిత కె. రామకృష్ణ పిళ్ళై. పత్రికా స్వేచ్ఛకు ఆయన ప్రతీక. ఆయన ఈ నాటకం పేరులోని మొదటి అక్షరాన్ని మార్చి, కరుప్పన్ కులమైన వాల అనే మాట ధ్వనించేలా వెక్కిరించారు. పులయ పిల్లలను నాయర్ పిల్లల పక్కన కూర్చోబెట్టడాన్ని కూడా ఆ సంపాదకుడు అంతకు ముందే తన పత్రికలో వ్యతిరేకించి ఉన్నారు. మార్క్స్‌ను చదివిన కలం కులం దగ్గరికి వచ్చేసరికి ఎలా వంకర తిరిగిందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కరుప్పన్ ఆ వెక్కిరింతకు పద్యంలోనే జవాబిచ్చారు.

1925లో కొచ్చిలో శాసనసభ ఏర్పడినప్పుడు అణగారిన కులాల ప్రతినిధిగా ప్రభుత్వం ఆయనను నియమించింది. బడులు, ఫీజుల రాయితీలు, ఇళ్ల స్థలాలు ఆయన సభలో పదేపదే ఎత్తిన విషయాలు. ఫలితంగా అణగారిన వర్గాల సంరక్షణకు ఒక శాఖ వచ్చింది. విద్యాశాఖాధిపతి దానికి సంరక్షకుడు, కరుప్పన్ సహాయ సంరక్షకుడు. సంరక్షకుడన్న ఆ హోదా పేరులో ఎంత దయ ఉందో అంత దూరం కూడా ఉంది. ఆ దూరం ఆయనకు తెలుసుననడానికి నిదర్శనం, శాసనసభలో పులయలకు పులయే ప్రతినిధిగా ఉండాలని ఆయన కోరడం, తాను తప్పుకోవడం. ఆ స్థానానికి పి.సి. చాంచన్ వచ్చారు. తరువాతి కాలంలో ముళవుకాడ్ దీవికి చెందిన కె.పి. వల్లోన్ అదే సభలో గట్టి గొంతు అయ్యారు. ఒకరి తరఫున మాట్లాడటం ఎంత గొప్ప పనైనా, వారు వచ్చి కూర్చునేదాకా మాత్రమే ఆ కుర్చీ తనదని ఎరగడం అరుదు. ఆయన జీవితంలో కాయల్ సభ కంటే ఈ రాజీనామాకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

శాసనసభ్యత్వం ఉన్నంత మాత్రాన మైల పోలేదు. వైస్రాయి గౌరవార్థం సంస్థానం ఇచ్చిన ఉద్యానవన విందుకు సభ్యులందరికీ ఆహ్వానాలు వెళ్లాయి, కరుప్పన్‌కు రాలేదు. ఆ అవమానం ఉద్యాన విరున్ను అనే కావ్యమైంది. దానిని ఆయన నేరుగా రాజుకే పంపారు. రాజస్తుతి చేసిన చేయి రాజు విందును నిలదీసిన సందర్భమిది.

ఆయన రచనలలో శాకుంతలం వంచిపాట్టు అనే మరొకటి ఉంది. వంచిపాట్టు అంటే తెడ్డు వేసే లయకు కట్టిన పడవ పాట. కాళిదాసు శాకుంతలంలో పోయిన ఉంగరాన్ని చేప కడుపులోంచి తీసినవాడు ఒక ధీవరుడు. రాజభటులు అతడిని దొంగగా పట్టుకుని కొడతారు, అతడి వృత్తిని చూసి నవ్వుతారు. పుట్టుకతో వచ్చిన పని నిందకు గురైనా విడువరాదని అతడు తనను తాను సమర్థించుకుంటాడు. సంస్కృత నాటకాలలో బెస్తవాడు నోరు విప్పిన అరుదైన ఘట్టం అది. రాజు ప్రేమకథ మొత్తం అతడి వల మీద ఆధారపడి నడుస్తుంది. పండితులు తరాల తరబడి ఆ ఘట్టాన్ని హాస్యంగానే పాఠం చెప్పారు. ఆ కథను ఒక ధీవర కవి తెడ్డు లయలోకి దించడం యాదృచ్ఛికమని నేననుకోను.

తీరంలో మరో నమ్మకం ఉంది. సముద్రం కడలమ్మ, చేపలకు పోయిన మగవాడి ప్రాణం ఒడ్డున ఉన్న భార్య శీలంలో ఉంటుంది. తగళి శివశంకర పిళ్ళై 1956లో రాసిన చెమ్మీన్ నవల ఈ నమ్మకాన్ని దేశమంతా ఎరిగేలా చేసింది. తుఫానుకు, పాత పడవకు, వడ్డీ వ్యాపారికి జవాబుదారీ లేకుండా మొత్తం భారం ఆడదాని మీద వేసే నమ్మకం ఇది. అంటే అణగారిన కులం కథలన్నీ విముక్తి కథలు కావు. కరుప్పన్ తన సభలలో మూఢాచారాలపై అంత పట్టుదలగా ఎందుకు మాట్లాడారో ఈ తీరాన్ని చూస్తే అర్థమవుతుంది.

1935లో ఆయన ఎర్నాకుళం మహారాజా కళాశాలలో మలయాళ అధ్యాపకుడయ్యారు. ఆ ఉద్యోగంలో మూడేళ్లే గడిపారు. 1938 మార్చి 23న, యాభై మూడు నిండకుండానే కన్నుమూశారు. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన 1936లోనే వచ్చింది. ఆయన సొంత సంస్థానమైన కొచ్చిలో అది రావడానికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆగాల్సివచ్చింది.

ఆయన చివరి పదేళ్లలో కొచ్చి కాయల్ రూపురేఖలు మారాయి. రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజినీరు సముద్రముఖంలోని ఇసుకమేటను తవ్వి, 1928లో పెద్ద ఓడలకు లోపలి రేవును తెరిచాడు. తవ్విన మట్టితో విల్లింగ్డన్ దీవి లేచింది. సంస్థానం తలచుకుంటే నీటిలోంచి నేల పుట్టించగలదని, పులయల సభకు జానెడు నేల దొరకని చోటే రుజువైంది. 2004లో గోశ్రీ వంతెనలు బోల్గాట్టి, వల్లార్‌పాడం, వైపిన్ దీవులను ఎర్నాకుళంతో కలిపాయి. తరువాత వల్లార్‌పాడంలో కంటైనర్ టెర్మినల్ వచ్చింది. దానికి వెళ్లే రోడ్డు, రైలు మార్గాల కోసం 2008లో 316 కుటుంబాలను ఖాళీ చేయించారు. మూలంపిళ్ళి దీవిలో పోలీసులను దింపి, ఇళ్లను యంత్రాలతో కూల్చారు. కుటుంబాలు వెళ్లిపోయిన గ్రామాల జాబితాలో కరుప్పన్ పుట్టిన చేరానల్లూరు కూడా ఉంది. పునరావాసం కింద చూపించిన స్థలాలలో కొన్ని పూడ్చిన చిత్తడి నేలలు. వాటి మీద కట్టుకున్న ఇళ్లు ఒరుగుతున్నాయని మొరపెట్టుకుంటూ ఆ ద్వీపవాసులు ఏళ్ల తరబడి ఎర్నాకుళం వీధుల్లో ధర్నాలకు కూర్చున్నారు.